రెండు చచ్చిన చుక్కలూ అవ్వ పరుపూ

దేవరకొండ
5 డిసెంబర్ 1993

చిన్నబాపూ,

బాగున్నావా అని అడగను. నాలుగేండ్ల నుంచి నువ్వూ మమ్మల్ని అడగలేదు. అడగాల్సింది ఒక్కటే ఉంది, అది ముందే రాస్తున్నాను. తాత దూదేకే గూటం నాకు కావాలి. ఇది బతిమాలడం కాదు. పని ఉండి అడుగుతున్నాను.

నువ్వు అచ్చంపేటకు పోయిన నాడు నేను తొమ్మిదో తరగతి. ఇప్పుడు ఇంటర్ అయిపోయింది. అక్షరాస్యత కేంద్రంలో ఆడవాళ్లకు పలక పట్టించాను. యువజన సంఘంలో చేరాను. సంఘం గదిలో అట్టలు ఊడిన చిన్న పుస్తకాలు ఒక పెట్టెడు ఉంటే అన్నీ చదివేశాను. గ్రహణాల మీద, దయ్యాల మీద, బాణామతి మీద, చివరికి చుక్కల మీద. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన సైన్సు దినం. అంగడి బజార్లో సభ పెడుతున్నాం. అందులో నేను మాట్లాడతాను. చచ్చిన చుక్కలు ఎట్లా కలుస్తాయో చెప్తాను.

నవ్వకు. విను. ఆకాశంలో చాలా చుక్కలు మన సూర్యుడి లాగా ఒంటరివి కావు. జంటగా పుడతాయి, ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. రెండూ బాగా బరువైనవి అనుకో. పెద్దదానికి ఆకలి ఎక్కువ. లోపలి మంటకు కావలసిందంతా తొందరగా తినేస్తుంది. ఇంకేమీ మిగలనప్పుడు దాని నడుమ కుప్పకూలుతుంది, పైదంతా పేలి ఎగిరిపోతుంది. మిగిలిన గుండెకాయ మన దేవరకొండనూ కొండమల్లేపల్లినీ కలిపినంత ఉంటుంది. బరువు మాత్రం సూర్యుడి కన్నా ఎక్కువ. దాన్ని న్యూట్రాన్ తార అంటారు. ఇంకా బరువుదైతే ఆ కూలడం ఆగనే ఆగదు. వెలుగు కూడా బయటికి రాలేని గుంత అవుతుంది. పుస్తకంలో కృష్ణబిలం అని రాశారు. నేను నల్ల గుంత అనే చెప్తాను, మన అంగడికి వచ్చేవాళ్లకు అర్థం కావాలి. కొన్నాళ్లకు జంటలో రెండోది కూడా అట్లాగే పేలుతుంది. ఆ దెబ్బకు చాలా జంటలు విడిపోయి ఎవరి దారిన అవి పోతాయి. కొన్ని మాత్రం పోవు. చచ్చి కూడా తిరుగుతూనే ఉంటాయి. తిరుగుతూ తిరుగుతూ దగ్గరై, చివరికి ఒకదాంట్లో ఒకటి పడతాయి. అట్లాంటి ఒక జంటను కనిపెట్టి, అది ఏటేటా నిజంగానే దగ్గరవుతోందని తేలడానికి దారి చూపినందుకే ఈ ఏడాది ఇద్దరు అమెరికా వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

సభలో కొత్త పరుపు పరిచి, దాని మీద రెండు తూకం రాళ్లు పెట్టి, అవి ఒకే గుంతలోకి ఎట్లా జారతాయో చూపిస్తాను. గూటం ఎందుకంటే దానికి రెండు తలలు, నడుమ సన్నం. తాడుకు వేలాడదీసి తిప్పితే అచ్చం జంట చుక్కలే.

దూదేకే విల్లు బాపు అటక మీద పెట్టాడు. నువ్వు ఇల్లు విడిచే పూట ఆయన విల్లు పట్టుకున్నాడు, నువ్వు దాన్ని మోగించే గూటం పట్టుకున్నావు. ఇద్దరు పెద్దమనుషుల పంపకం అది! ఆనాటి నుంచి బాపు దూదిని మిషనుకు మోసుకుపోయి ఏకించుకొస్తున్నాడు. మన దగ్గర కుట్టించుకున్న మైసయ్య బిడ్డ పెండ్లి పరుపులో నువ్వు చచ్చిపోయిన అవ్వ పరుపు దూది కలిపావని, చచ్చినవాళ్ల దూది కొత్త పరుపులో వేయరాదన్న ఇంటి కట్టుబాటు తప్పావని, బాపు నిన్ను నలుగురి ముందు దొంగ అన్నాడు. ఆ కట్టు ఉత్త మూఢనమ్మకం. అప్పుడు అనే వయసు లేదు, ఇప్పుడు అంటున్నాను.

జవాబు రాయకున్నా సరే, గూటం పంపు.

నీ అన్న బిడ్డ
షంషాద్


అచ్చంపేట
20 డిసెంబర్ 1993

బిడ్డా షంషాద్,

నీ ఉత్తరం ముందుగాల మీ చిన్నమ్మ షరీఫా చదివింది, నవ్వింది. తర్వాత నేను చదివిన, నవ్వలే.

అంత అర్థమైంది. ఇద్దరు జంటగ పుట్టిన్రు. పెద్దోనికి ఆకలి ఎక్కువ. పేలిండు. చిన్నోడు గుడ పేలిండు. ఇద్దరు చచ్చిన్రు, అయినా సిగ్గులేక ఒకని చుట్టు ఒకడు తిరుగుతాన్రు. నేను పరుపులు కుట్టేటోణ్ని గాని పరుపు లెక్క మెత్తగ లేను బిడ్డా. ఇది ఎవ్వరి మీద రాసినవో నాకు తెల్వదా? మీ బాపు చెప్పి రాయించిండా, నువ్వే అల్లినవా? ఏదైతేంది. నేను చావలే. ఆయన చచ్చిండో లేడో నువ్వే చెప్పాలె.

నా పని ఎట్ల నడుస్తాందో నువ్వు అడగలే, నేనే చెప్త. గీడ కట్టెలతోని దూది కొడతాన. చేతులు బొబ్బలెక్కుతయి గాని పని ఆగలే. గూటం గోడకు వేలాడుతాంది.

ఇగ నీ చుక్కల ముచ్చట. నాకు జర అనుమానం ఉన్నది. మేకను గుంజకు కట్టేస్తే తిరిగినకొద్ది తాడు గుంజకు చుట్టుకొని దగ్గరికొస్తది. తాడు లేకుంటే ఎన్ని చుట్లు తిరిగినా ఆడనే తిరుగుతది. చుక్కలకు తాడేది? పరుపు మీద రాళ్లు జారుతయి సరే, జారినయి నేరుగ పోయి ఒకదానికొకటి తగుల్తయి గని చుట్టు తిరగవు గద. మీ సంఘంల గీ మాట ఎవ్వలు అడగలేదా?

గూటం పంప. దొంగ అన్న మాటను మీ బాపును వెనుకకు తీసుకోమను, గూటం దానంతటదే నడుసుకుంట వస్తది.

మీ అమ్మను అడిగిన్నని చెప్పు. ఇంకెవ్వర్నీ అడగలే.

రజాక్


దేవరకొండ
8 జనవరి 1994

చిన్నబాపూ,

నీ ఉత్తరం చదివి ఒంటికి నిప్పు అంటుకున్నట్టయింది. ఆకాశంలో జరిగే ప్రతిదీ దేవరకొండ అన్నదమ్ములిద్దరి మీద పెట్టి చెప్పుకోవడానికి కాదు దేవుడు చుక్కలను చేసింది. (దేవుడే చేశాడా లేదా అన్నది వేరే సంగతి, అది అమ్మ చూడని ఉత్తరంలో రాస్తాను.) నేను చుక్కల మీదే రాశాను. పెద్దదానికి ఆకలి ఎక్కువ అంటే అది సైన్సు. నీకు అందులో బాపు ముఖం కనబడితే అది నీ కండ్ల తప్పు.

కానీ తాడు ఏదని అడిగావు చూడు, ఆ మాట నన్ను పట్టుకుంది. సంఘంలో ఎవరూ అడగలేదు, నేనూ అనుకోలేదు. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఇస్రాయేలు సారు దగ్గరికి పోయి నిలదీశాను. ఆయన నవ్వి, "మీ చిన్నాయిన మంచి ప్రశ్న అడిగిండు, నీ పరుపు సగమే నిజం" అన్నాడు. మిగిలిన సగం ఇదీ.

విల్లు నారిని గూటంతో కొడితే ‘టుంయ్’ మని మోగుతుంది కదా. కాసేపటికి ఆగుతుంది. దానికిచ్చిన బలం ఎక్కడికి పోయింది? మోతై గాలిలోకి పోయింది. మోగినకొద్దీ నారి తన బలం ఇచ్చేస్తూ ఉంటుంది. అంత బరువైన చుక్కలు రెండు అంత దగ్గరగా తిరుగుతుంటే వాటి చుట్టూ ఉన్న జాగా, ఏమీ లేని ఖాళీ జాగాయే, అదురుతుంది. ఆ అదురు అలలు అలలుగా పోతుంది, పోతూ చుక్కల బలాన్ని మోసుకుపోతుంది. బలం పోయినకొద్దీ అవి లోపలికి దిగుతాయి. వింత ఏమిటంటే, దగ్గరైనకొద్దీ నెమ్మదించవు, ఇంకా జోరుగా తిరుగుతాయి. జోరు పెరిగితే అదురు పెరుగుతుంది. అదురు పెరిగితే ఇంకా దగ్గరికి. ఆఖరున రెప్పపాటులో వందల చుట్లు. మోత సన్నబడి సన్నబడి పైకి లేస్తుంది, ఒక్క దెబ్బ, అంతే. ఆ మోతను భూమి మీద ఇంతవరకు ఎవరూ వినలేదు. వినే యంత్రాలు ఇప్పుడిప్పుడే కడుతున్నారట. కాబట్టి తాడు లేదు చిన్నబాపూ. వాటిని దగ్గరికి తెచ్చేది అవి పోగొట్టుకునేదే.

నోబెల్ తెచ్చిన జంట కలవడానికి ఇంకా ముప్పై కోట్ల ఏండ్లు పడుతుందట. నీకూ బాపుకూ అంత టైం లేదు. (ఈ ఒక్క మాట మాత్రం మీ మీదే రాశాను.)

ఇక అసలు గొడవ. మా సంఘం కన్వీనరు కిష్టయ్య ఏమన్నాడో విను. "చుక్కల మీద హైదరాబాద్ నుంచి లెక్చరర్‌ను పిలుస్తం షంషాద్. నువ్వు చేతులు కడుక్కునుడు మీద చెప్పు. ఆడోళ్లు వింటరు."

"నా చేతులు సాఫుగనే ఉన్నయి సారూ. చుక్కల మీదనే చెప్త."

"పరుపులు పరిచి చుక్కలు చెప్తవా?"

"పరిచే చెప్త. విల్లు మోగించి చెప్త."

గదిలో అందరూ నవ్వారు. కిష్టయ్య బల్ల గుద్ది, "సరే, విల్లు మోగితే నువ్వు చుక్కలు చెప్పు. మోగకుంటే చేతులు కడుక్కునుడు చెప్పు" అని నలుగురి ముందు తేల్చేశాడు. నేను ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చి బాపును విల్లు అడిగితే, "గూటం లేని విల్లు వంటచెరుకు. వంటచెరుకు సభల పెట్టి ఏం చేస్తవ్?" అన్నాడు. గూటం వస్తే అని అడిగాను. అటక వైపు చూసి, "వస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. కాబట్టి ఇప్పుడు అంతా నీ గోడకు వేలాడుతోంది.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. అవ్వ దూది ఎందుకు కలిపావు? కట్టును ధిక్కరించడానికైతే నేను నీ పక్షం.

కోపం తగ్గని
షంషాద్


అచ్చంపేట
25 జనవరి 1994

బిడ్డా,

తాడు లేదన్న ముచ్చట నాకు నచ్చింది. చిన్నమ్మకు గుడ చెప్పిన. "గట్లయితే మీ అన్నదమ్ములు ఇంక పోగొట్టుకునేది ఏమున్నది, కలవాలె గద" అన్నది. ఆమెకు నోరు ఎక్కువ.

ఎందుకు కలిపిన అని అడిగినవు. ఇంతవరకు ఎవ్వలు అడగలే. మైసయ్య పరుపుకు దూది తక్కువ పడ్డదని అందరు అనుకున్నరు. పడలే. కట్టును ఎదిరించాల్నని గుడ కాదు. నన్ను నీ పక్షంల చేర్చుకోకు, నాకు పక్షం లేదు.

అవ్వ పరుపుల ఉన్నది ఉత్త దూది కాదు. అవ్వ గీ అచ్చంపేట చెలకలల్ల పుట్టిన పిల్ల. పెండ్లి కాకముందు తన చేతులతోని ఏరుకున్న పత్తి అది. అవ్వ పోయినంక పరుపు మూలకు పడ్డది, గడ్డలు కట్టింది. నాకు చూడబుద్ధి కాలే. దూది చావదు బిడ్డా. కొట్టినకొద్ది లేస్తది, మల్ల ఊపిరి పోసుకుంటది. ఒకనాడు మీదున్న గలేబు బట్ట విప్పి మొత్తం ఏకిన. ఇల్లంత తెల్లగ లేసింది. అవ్వ లేసి కూసున్నట్టే అనిపించింది. అండ్లకెల్లి పిడికెడు పెండ్లిపిల్ల పరుపుల వేసిన, అవ్వ దీవెన లెక్క. మీ బాపు వచ్చిండు, చూసిండు. మైసయ్య, ఆయన వియ్యంకుడు నిలబడే ఉన్నరు. గంతమంది ముంగట తమ్ముణ్ని దొంగ అన్నడు.

నువ్వు రాసిన నల్ల గుంత ఎవ్వరో నాకు ఇప్పుడు తెలిసింది. అన్ని లోపలికి గుంజుకుంటది, బయటికి ఒక్క మాట రాదు. నాలుగేండ్ల నుంచి వచ్చిందా?

ఇంకోటి విన్న. దేవరకొండ బస్సు కండక్టరు చెప్పిండు, నువ్వు సభల మన ఇంటి కొట్లాట చెప్పి, చచ్చినోళ్ల దూది కట్టు తప్పు అని అందరికి చూపిస్తవంట. నిజమేనా? అవ్వ పరుపును మైకుల పెడతవా? గదే నిజమైతే గూటం ఆశ ఇడిసిపెట్టు. పోయి చేతులు కడుక్కునుడు చెప్పుకో.

రజాక్

(షరీఫా రాస్తున్నది: గూటానికి శుక్రవారం శుక్రవారం నూనె రాస్తడు. నేను చెప్పినట్టు చెప్పకు.)


దేవరకొండ
10 ఫిబ్రవరి 1994

చిన్నబాపూ,

అవును, చెప్తానన్నాను. కండక్టరు అబద్ధం చెప్పలేదు. ఆ కట్టును సభలో ఉతికి ఆరేయాలనే అనుకున్నాను. ఎందుకు ఆగానో రాస్తున్నాను. నీ బెదిరింపుకు ఆగాననుకోకు.

మొన్న ఇంట్లో పరుపు పరిచి, తూకం రాళ్లు పెట్టి, నా ఉపన్యాసం వల్లిస్తున్నాను. బాపు గలేబు కుడుతూ కూర్చున్నాడు. నేను కావాలనే గొంతు పెంచాను. "అమ్మా, నీ ముక్కుపుల్లల బంగారం ఏడికెల్లి వచ్చిందో తెలుసా? మామూలు చుక్కల మంటల బంగారం తయారు కాదు. రెండు చచ్చిన చుక్కలు గుద్దుకున్న నాడు ఎగిరిన తునకల్లనే తయారైతదేమోనని కొందరు సైంటిస్టులు అంటున్నరు. చచ్చినోళ్లది కొత్తదాంట్ల కలపరాదంటే, ముందు గా ముక్కుపుల్ల తీసి పారెయ్యి!"

అమ్మ ముక్కు పట్టుకుంది. "నా ముక్కు జోలికి రాకు పిల్లా" అంది.

బాపు సూది గలేబుకు గుచ్చి లేచాడు. కొడతాడనే అనుకున్నాను, కొట్టినా ఆగకూడదనీ అనుకున్నాను. ఆయన వచ్చి పరుపు దగ్గర కూర్చున్నాడు. తూకం రాళ్లు తీసి పక్కన పెట్టాడు. అవి చేసిన గుంతలో అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు.

"నీకు కట్టు కనబడ్డది" అన్నాడు. "నాకు కట్టు లేదు గిట్టు లేదు. మా అమ్మ పరుపుల మా అమ్మ పండుకున్న గుంత ఉండె. భుజం పెట్టిన కాడ ఒకటి, తుంటి పెట్టిన కాడ ఒకటి. పొద్దుగాల పనికి పోయేముందు అండ్ల చెయ్యి పెట్టి పోయేటోణ్ని. ఆడు దాన్ని కొట్టి పొగ లెక్క లేపిండు. గంతమంది ముంగట నా గుంత ఏదిరా అని అడగాల్నా? కట్టు తప్పినవ్ రా దొంగ అన్న. నోటికి గదే వచ్చింది."

మళ్లీ ఆయనే, "నీకు ఆకాశం దొరికింది బిడ్డా, మాట్లాడుకో. నాకు గా గుంత మల్ల దొరకదు" అని లేచిపోయాడు.

ఇప్పుడు నా కోపం ఎవరి మీదో నాకే తెలియడం లేదు. ఒకే తల్లి, ఒకే పరుపు. నువ్వు ప్రేమతో ఏకావు, ఆయన ప్రేమతో ఏకకుండా పెట్టుకున్నాడు. ఆ మాట ఒకరికొకరు చెప్పుకోవడం చేతకాక ఒకరు విల్లు, ఒకరు గూటం పట్టుకుని నాలుగేండ్లు కూర్చున్నారు. మూఢనమ్మకం అంటే నేను చేతబడి అనుకున్నాను. ఇది దాని తాత.

అవ్వ పరుపు సంగతి మైకులో చెప్పను. అది సభది కాదు, మీ ఇద్దరిది. కానీ చుక్కల సంగతి మాత్రం వదలను. నువ్వు ఆయన్ను క్షమించాలని నేను అడగడం లేదు, క్షమాపణల మీద నేనేమీ చదవలేదు. గూటం అడుగుతున్నాను. రాకపోతే అమ్మ చపాతీ కర్ర పట్టుకుని వేదిక ఎక్కుతాను. నారి మోగకపోయినా, కిష్టయ్య నవ్వినా, అంగడి అంతా నవ్వినా, నేను చేతులు కడుక్కునుడు చెప్పను.

షంషాద్


అచ్చంపేట
20 ఫిబ్రవరి 1994

షంషాద్‌కు,

గుంత సంగతి నాకు ఎన్నడు చెప్పలే. ఒక్కనాడన్న చెప్పలే.

చపాతీ కర్రతోని కొడితే నారి తెగుతది. తాత నారి. ఆ పని చెయ్యకు.

గూటం పరాయోళ్ల చేతికియ్య. నేనే తెస్త. రంజాన్ రోజాలల్ల ఉన్న, మీ ఇంట్ల నీళ్లు గుడ అడగ. ఇంటికి రాను. సీదా సభకొస్త, కొడత, పోత. ఆయనతోని మాట్లాడ. ఆయన విల్లు పట్టుకుంటె నేను కొట్ట. నువ్వే పట్టుకో.

రజాక్


దేవరకొండ
6 మార్చి 1994

చిన్నబాపూ,

ఎంత తొందర నీకు! అమ్మ ఖర్జూరాలు కొంగున కట్టుకొచ్చి, "రోజా ఇడిసినంక పో మరిదీ" అని అరుస్తుంటే వినబడనట్టే బస్సు ఎక్కావు. అందుకే ఏం జరిగిందో నీకు సగమే తెలుసు.

విల్లు నన్నే పట్టుకోమన్నావు, గూటం వస్తోందనగానే బాపు అటక మీది నుంచి దించిచ్చాడు. నాకంటే పొడుగున్నది నేనెట్లా మోస్తాను? నాలుగు మాటలు చెప్పేసరికి విల్లు ఒరిగింది. ముందు వరుసలో ఎవడో, "చేతులు కడుక్కునుడు చెప్పరాదు!" అని ఈల వేశాడు. అప్పుడు బాపు మందిలో నుంచి లేచొచ్చి విల్లు అందుకున్నాడు. నువ్వు గూటం దించేశావు. నువ్వు నా వైపు తిరిగి, "జర మీదికి ఎత్తమని చెప్పు మీ బాపుకు" అన్నావు. ఆయనా నా వైపే తిరిగి, "ఎత్తిన, ఇగ కొట్టుమని చెప్పు" అన్నాడు. నా చేతిలో మైకు ఉందని ఇద్దరికీ గుర్తు లేదు. అంగడి అంతా గొల్లుమంది.

కానీ మొదటి దెబ్బకే నవ్వులు ఆగాయి. మేకలు అమ్మేవాళ్లు కూడా ఇటు తిరిగారు. దూరంగా తిరుగుతున్నాయి అంటే నువ్వు నెమ్మదిగా కొట్టావు. బలం పోతోంది, దగ్గరవుతున్నాయి అంటే జోరు పెంచావు. మోత సన్నబడి పైకి లేవాలి, అది ఎట్లా చూపించాలో నాకు తెలియలేదు, ఎవరికీ చెప్పలేదు. బాపు తనంతట తానే విల్లు మీద బరువు వేసి నారిని బిగబట్టాడు. మోత పైకి, ఇంకా పైకి లేచింది. నేను "కలిసినయి!" అన్నాను. నువ్వు ఒక్క దెబ్బ వేసి ఆపావు, ఆయన అరచెయ్యి పెట్టి నారిని మూశాడు. మీరు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను ఇద్దరినీ చూశాను.

నువ్వు పోయాక జానమ్మ అని, నా అక్షరాస్యత కేంద్రంలో చదివిన ముసలామె, లేచి అడిగింది. "గుద్దుకున్నంక ఏం మిగులుతది బిడ్డా?" ఒక్కటే మిగులుతుంది అన్నాను. "రెండింటి బరువు కలిపినంత ఉంటదా?" అంది. లేదు, జర తక్కువ ఉంటుంది, ఆ తక్కువ పడిందే మోతై పోయింది అని చెప్పాను. ఆమె, "గంత మోగినంక తక్కువ పడదా మరి" అని కూర్చుంది. కిష్టయ్య చివర్లో మైకు తీసుకుని, విషయం బాగుంది గాని కామ్రేడ్ షంషాద్ భాష జర శుద్ధంగా ఉంటే పత్రికల వాళ్లు రాసుకునేవాళ్లని అన్నాడు. నేను మైకు గుంజుకుని, "చుక్కలకు ఏ భాషైనా ఒక్కటే సారూ, పత్రికలోళ్లనే నేర్చుకోమను" అన్నాను. ఈసారి ఈల నాకోసం వేశారు.

ఇంటికొచ్చాక బాపు అన్నం ముందు కూర్చుని, ఎవరినీ చూడకుండా అన్నాడు. "నారి జర వదులున్నది. వానికి తెలిసిందో లేదో."

అడగమని చెప్పలేదు. నేనే అడుగుతున్నాను. తెలిసిందా?

షంషాద్


అచ్చంపేట
20 మార్చి 1994

బిడ్డా,

పండుగ మంచిగ అయిందని అనుకుంటాన. చిన్నమ్మ షీర్‌ఖుర్మా వండి, నీ పేరు చెప్పి ఒక గిన్నె పక్కకు పెట్టింది. తినేటోళ్లు లేక నేనే తిన్న.

నారి వదులున్నదని మొదటి దెబ్బకే తెలిసింది. బొటనవేలు పట్టేటంత వదులు. నాలుగేండ్లు అటక మీద పెడితే ఉండదా మరి? నారి మార్చాలె. మార్చుడు ఆయనకు రాదు, ముడి వేసేటప్పుడు ఎప్పుడు నేనే పట్టుకునేది. గా మాట చెప్పు. వద్దులే, చెప్పకు.

నువ్వు మంచిగ చెప్పినవు. మందిల ఈల వేస్తె గుడ నీ నోరు ఆగలే. తాత ఉంటే పొంగిపోతుండె.

లోపల మడతబెట్టిన ఇంకో కాగితం ఉన్నది. నీది కాదు, మీ బాపుది. నువ్వు ఇప్పి చూడకు, నా మీద ఒట్టు. ఇగ దాని మీద ఏం అడగకు.

రజాక్


దేవరకొండ
28 మార్చి 1994

చిన్నబాపూ,

నువ్వు నిజంగా మరిచిపోయావా, తెలిసే రాశావా? బాపుకు చదవడం రాదు! దేవరకొండలో సగం మంది ఆడవాళ్లకు పలక పట్టించిన నా చేత, "బిడ్డ దగ్గర బలపం పట్టాల్నా?" అని ఒక్క అక్షరం దిద్దించుకోని మనిషి ఆయన. ఆయనకు నువ్వు కాగితం నిండా రాసి, నన్ను చూడొద్దని ఒట్టు పెడతావా?

ఒట్ల మీద నాకు నమ్మకం లేదు. అయినా విప్పలేదు. మడత మడతగానే ఆయన చేతిలో పెట్టాను. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. వెలుగుకు పెట్టి చూశాడు. ముక్కు దగ్గర కూడా పెట్టుకున్నాడు.

"చదవాల్నా బాపూ?" అన్నాను.

"నీది కాదన్నడు గద. నువ్వు చదవకు."

"నేను వద్దు, పొరుగోళ్లు వద్దు. మరి ఎవ్వరు చదవాలె?" అంది అమ్మ.

"రాసినోడే చదువుతడు" అన్నాడు.

నిన్నంతా అటక కింద కూర్చుని విల్లు తుడిచాడు. కొత్త నారి తెచ్చాడు గాని కట్టలేదు, చుట్టలు చుట్టి, నీ కాగితంతో పాటు జేబులో పెట్టుకున్నాడు. అమ్మ నవ్వితే, "ముడి పట్టుకునేటోడు గావాలె" అని కసిరాడు. నువ్వు రాసిన ముడి సంగతి నేను చెప్పనే లేదు, నువ్వే వద్దన్నావు కదా. ఈ పొద్దు విల్లును పాత గలేబులో చుట్టి బస్టాండుకు మోసుకుపోయాడు. కండక్టరు బస్సు మీదికి వేయమన్నాడు. "మీదికి వెయ్య. ఒళ్లో పెట్టుకుంట. ఇంకో సీటు టికెటు కొట్టు" అన్నాడు. కొట్లాడి ఎక్కాడు. కిటికీలో నుంచి సగం విల్లు బయటికి పెట్టుకుని, జేబు మీద ఒక చెయ్యి పెట్టుకుని, డిండి మీదుగా అచ్చంపేట దారిన పోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ ఉత్తరం ఆ బస్సు కన్నా వెనక వస్తుంది. నీకు అందేసరికి ఆయన అక్కడే ఉంటాడు, కాబట్టి ఇది ఆయనకు కూడా చదివి వినిపించు. మీరు మళ్లీ కొట్లాడుకుంటే కొట్లాడుకోండి. దొంగ అన్న మాట తేల్చుకోండి, గుంత లెక్క తేల్చుకోండి. దెబ్బ లేకుండా కలవడం చుక్కలకే చేతకాలేదు. కానీ ఇకనుంచి ఒకరికొకరు చెప్పుకోవాల్సింది నా నోట చెప్పించొద్దు. నేను మీ పోస్టుమ్యాన్‌ను కాను. నాకు చదవాల్సిన పుస్తకాలు ఇంకో పెట్టెడు ఉన్నాయి.

అచ్చంపేటలో విల్లు మోగితే దేవరకొండకు వినబడదని నాకు తెలుసు. అయినా డిండి వైపు కిటికీ తెరిచే పెట్టాను. వినబడదని సైన్సు అంటే ఈ ఒక్కసారికి దాంతోనూ కొట్లాడతాను.

షంషాద్